చీకటిలో దీపాన్ని నమ్మడానికి ప్రమాణం

చార్జింగ్ సెల్లులో ఎంత శక్తి మిగిలి ఉందో కంటికి కనబడదు. లాంతరులో కిరసనాయిలు ఎంత ఉందో ఊపి చూస్తే తెలుస్తుంది. కొవ్వొత్తి ఎంతసేపు వెలుగుతుందో దాని పొడవే చెబుతుంది. సెల్లు నిండుగా ఉన్నా, సగమైనా, అడుగంటినా పైకి ఒకేలా ఉంటుంది. చేతికి బరువు తేడా కూడా తెలియదు. కాబట్టి టార్చిలైటు పట్టుకుని చీకట్లోకి దిగే ప్రతి మనిషీ తాను చూడని ఒకదాన్ని నమ్మి దిగుతున్నాడు. ఆ నమ్మకానికి ఏది ఆధారం, ఏ ఆధారం ఎంతదాకా చెల్లుతుంది అన్నది సెల్లుల కంటే ఎంతో పాత ప్రశ్న. కలిగిన జ్ఞానం నిజమైనదని ఎలా తేలుతుందన్న ప్రామాణ్యవాదం న్యాయ, మీమాంస దర్శనాల మధ్య శతాబ్దాలపాటు సాగింది. ప్రాణాలతో ముడిపడిన పనికి ఏ సెల్లు కొనాలో తేల్చుకునేవాడు తెలిసో తెలియకో ఆ వాదంలో ఒక పక్షం తీసుకుంటున్నాడు.

హైదరాబాదు తూర్పున ఉప్పల్, నాచారం ప్రాంతాల్లో ఈ ప్రశ్న షిఫ్టు మారిన ప్రతిసారీ ఎదురవుతుంది. నాచారం పారిశ్రామికవాడలోని రసాయన, ఔషధ యూనిట్లలో రియాక్టరు కడిగిన తర్వాత లోపల ఏమైనా అంటుకుని ఉందేమోనని మనిషి తొంగి చూడాలి, ఒక్కోసారి లోపలికే దిగాలి. 2017 నవంబరులో మెట్రో రైళ్లు మొదలైనప్పటి నుంచి ఉప్పల్ డిపోలో బోగీల అడుగుభాగాన్ని పరీక్షించే పని ఉంది. ఆఖరి రైలు వెళ్లిపోయాక పట్టాల వెంబడి నడిచి చూసే పని ఉంది. నల్లచెరువు శుద్ధి కేంద్రం ఉన్న ఈ ప్రాంతంలో మురుగునీటి మ్యాన్‌హోళ్లకు కొదవలేదు. ఇక్కడ టార్చి ఆరిపోవడం అసౌకర్యంతో పోదు. నిచ్చెన మెట్టు తప్పుతుంది, తిరుగుతున్న యంత్రం కనబడదు, బయటికి దారి దొరకదు.

కుమారిల భట్టు వంటి మీమాంసకుల లెక్కలో ప్రామాణ్యం స్వతస్సిద్ధం. కలిగిన జ్ఞానాన్ని కాదనే బాధకం ఏదైనా ఎదురయ్యేదాకా దాన్ని నిజమనే తీసుకోవాలి. ప్రతిదాన్నీ రుజువు చేశాకే నమ్ముతామంటే ఆ రుజువుకు మరో రుజువు, దానికి ఇంకొకటి కావలసి వచ్చి అనవస్థ ఏర్పడుతుంది. నైయాయికులు దీన్ని ఒప్పుకోలేదు. వాళ్ల దృష్టిలో జ్ఞానం కలగడం ఒకటి, అది నిజమని తేలడం వేరొకటి. రెండోది ఫలితాన్ని బట్టి వస్తుంది. తర్కశాస్త్రంలో తొలి పాఠంగా నేటికీ చదివే తర్కసంగ్రహాన్ని రాసిన 17వ శతాబ్దపు ఆంధ్ర పండితుడు అన్నంభట్టు, దానికి తానే రాసిన దీపిక వ్యాఖ్యలో నీటి ఉదాహరణ ఇస్తాడు. దూరాన నీరున్నట్టు తోచింది, మనిషి అటు వెళ్లాడు, నీరు దొరికింది. అప్పుడు మొదటి జ్ఞానం యథార్థమని తేలింది.

ఇంట్లో కరెంటు పోయినప్పుడు వెలిగించే టార్చికి మీమాంసకుల పద్ధతి చాలు. వెలిగినన్నాళ్లు నమ్మి, వెలగని రోజు సెల్లు మార్చుకోవచ్చు. రియాక్టరులోకి దిగే మనిషికి మాత్రం నైయాయికుల పద్ధతి కూడా ఉన్నదున్నట్టుగా సరిపోదు. నీటి కోసం వెళ్లినవాడికి ఎదురైంది ఎండమావి అయితే పోయేది నడక మాత్రమే. దీపం ఆరితే ఏం జరుగుతుందో దిగి తెలుసుకునే స్వేచ్ఛ లోపలివాడికి లేదు. కశ్మీర నైయాయికుడు జయంతభట్టు ఇలాంటి తేడానే గుర్తించాడు. రోజువారీ వ్యవహారాల్లో ముందస్తు నిశ్చయం అక్కర్లేదు, పనిలో పడ్డాక తెలుస్తుంది; ఎంతో ధనమూ శ్రమా పోసి చేసే, ఫలితం కంటికి కనబడని వైదిక కర్మల విషయంలో మాత్రం నిశ్చయం ముందే ఉండాలి. ప్రాణాపాయం ఉన్న చోట వాడే సెల్లును ఈ రెండో కోవలోనే చేర్చాలి. అది లౌకికమైన వస్తువే, కానీ దాని విషయంలో తప్పు తెలుసుకునే లోపే తప్పు జరిగిపోతుంది.

ముందే నిశ్చయం కావాలంటే మొదట దొరికే ఆధారం సెల్లు మీద రాసి ఉన్న మాట. అది శబ్దప్రమాణం. ఎవరి మాట ప్రమాణమవుతుందో, అంటే ఆప్తుడు ఎవరో, వాత్స్యాయనుడు న్యాయభాష్యంలో చెప్పాడు: విషయాన్ని స్వయంగా ఎరిగి ఉండాలి, ఉన్నది ఉన్నట్టు చెప్పాలన్న కోరిక ఉండాలి, ప్రాణుల పట్ల దయ ఉండాలి. మూడోది తర్కగ్రంథంలో ఎందుకుందా అనిపించవచ్చు. 18650 సెల్లుల బజారు చూసినవారికి ఆ సందేహం రాదు. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉన్న ఈ లిథియం అయాన్ సెల్లులో నేటి సాంకేతికతతో పట్టేది సుమారు 3,500 ఎంఏహెచ్ చార్జి. ఎంత మెరుగైనదైనా అంతకు మించి పెద్దగా పోదు. అయినా 9,900 అని రాసి ఉన్నవి విరివిగా అమ్ముడవుతాయి. అసలైనది 45 నుంచి 50 గ్రాముల దాకా తూగితే, వీటిలో చాలావాటి బరువు అంతకు బాగా తక్కువ. ఆ అంకెను అచ్చువేసినవాడికి విషయం తెలియక కాదు. ఆ సెల్లు వేసుకుని ఎవరు ఎక్కడికి దిగుతారన్న ఆలోచన అతనికి లేదు. దయ లేని చోట జ్ఞానం ఉన్నా మాట ప్రమాణం కాలేదన్న వాత్స్యాయనుడి లెక్క ఇక్కడ అక్షరాలా సరిపోతుంది.

నిజాయితీగల మాటకు కూడా హద్దు ఉంటుంది. అది దేని గురించి చెబుతుందో దాని గురించే ప్రమాణం. మన దేశంలో చార్జింగ్ సెల్లులు ఐఎస్ 16046 ప్రమాణానికి లోబడి భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ దగ్గర నమోదై ఉండాలి; సెల్లు మీద ఉన్న ఆర్ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. అది చేయదగిన పనే. అయితే ఆ ముద్ర చెప్పేది షార్టు, అతిచార్జింగ్, వేడి వంటి పరీక్షలకు సెల్లు తట్టుకుందని. ఎంతసేపు వెలుగుతుందో అది చెప్పదు. టార్చి పెట్టె మీద ఉండే గంటల లెక్కదీ ఇదే సంగతి. 2009లో వచ్చిన ఎఫ్ఎల్ 1 ప్రమాణం ప్రకారం ఆ లెక్క, వెలుగు మొదట ఉన్నదానిలో 10 శాతానికి పడిపోయేదాకా కొలిచినది. చివరి గంటల్లో దారి కనబడవచ్చు, వెల్డింగులో పగులు కనబడదు. మాట అబద్ధం కాదు, విన్నవాడు అందులో లేని అర్థాన్ని తీసుకున్నాడు.

రెండో ఆధారం కొలత, అంటే కనబడేదాన్ని బట్టి కనబడనిదాన్ని ఊహించే అనుమానం. మీటరులో 4.2 వోల్టులు కనబడితే సెల్లు నిండుగా ఉందని స్టోరులో అనుకుంటారు. పొగను బట్టి నిప్పును ఊహించినట్టే ఇదీ అనిపిస్తుంది. తర్కంలో ఒక హెచ్చరిక ఉంది: పొగ ఉన్న చోట నిప్పు ఉంటుంది గాని, నిప్పు ఉన్న ప్రతిచోటా పొగ ఉండదు, పొగ రావాలంటే కట్టెలు పచ్చిగా ఉండాలి. ఆ పచ్చిదనాన్ని ఉపాధి అంటారు. దాన్ని చూసుకోకుండా చేసిన అనుమానం వ్యభిచరిస్తుంది, అంటే హేతువు ఉన్నా సాధ్యం ఉండకపోవచ్చు. మూడేళ్లు వాడి, సగం సామర్థ్యం పోయిన సెల్లు కూడా చార్జరు నుంచి తీయగానే 4.2 వోల్టులే చూపిస్తుంది. కనుక 4.2 అన్నది ఈ సెల్లు తనకు పట్టినంత నిండిందని చెబుతుంది గాని, షిఫ్టు చివరిదాకా వస్తుందని చెప్పదు. ఇక్కడి ఉపాధి సెల్లు వయసు, లోపలి నిరోధం. నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులో ఈ హేతువు ఇంకా బలహీనం; చార్జిలో ఎక్కువ భాగం ఖర్చయ్యేదాకా అది 1.2 వోల్టుల దగ్గరే నిలిచి ఉంటుంది. బరువు మోపి, అంటే కరెంటు లాగుతూ కొలిస్తేనే వోల్టేజీ మాటకు విలువ వస్తుంది.

దాంతో మూడో ఆధారానికి రావాలి: వాడి చూడటం. సెల్లు కెపాసిటీ కొలిచే చార్జర్లు ఇప్పుడు అందుబాటులో ఉన్నాయి. అవి సెల్లును నింపి, నిర్ణీత కరెంటు మీద ఖాళీ చేసి, ఎన్ని ఎంఏహెచ్ బయటికి వచ్చిందో చూపిస్తాయి. చీకట్లో జరగవలసిన పరీక్ష వెలుగులో, బల్ల మీద, ఎవరికీ హాని లేకుండా జరుగుతుంది. ఫలవంతమైన ప్రవృత్తి, అంటే ఫలించిన పని, వల్లనే ప్రామాణ్యం తేలుతుందన్న నైయాయికుల షరతు నెరవేరుతుంది, ప్రమాదమూ ఉండదు. ప్రాణాపాయం ఉన్న పనికి సెల్లులు కొనే ఏ యూనిట్‌కైనా మిగతా అన్నింటికంటే ముందు కావలసింది ఈ చార్జరే.

అయితే పరీక్షించింది నిన్నటి వెలుగును, నమ్మవలసింది ఈ రాత్రి వెలుగును. ఈ చిక్కు అన్నంభట్టుకూ తెలుసు. నీరు ఒకసారి దొరికి జ్ఞానం నిజమని తేలాక, రెండోసారి అలాంటి జ్ఞానమే కలిగినప్పుడు మళ్లీ పరీక్షించకుండానే దాన్ని నమ్మవచ్చు, ఎందుకంటే ఇది దాని సజాతీయం అంటాడు. ఒకే లాటులోని సెల్లుల్లో కొన్నింటిని పరీక్షించి మిగతావాటిని నమ్మడం ఈ సూత్రమే. నకిలీ సరుకు దెబ్బతీసేది సరిగ్గా ఈ కీలును. పైన చుట్టిన రేపరు ఒకటే అయినా లోపల పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల నుంచి ఊడదీసినవి, రకరకాల వయసులవి ఉంటే, రూపంలో సజాతీయం, తత్త్వంలో విజాతీయం. అప్పుడు పది మంచివైనా పదకొండోదాని గురించి ఏమీ తెలియనట్టే. ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిన చోట, తయారీ తేదీ, బ్యాచి నంబరు ఉన్నవే కొనాలనడానికి కారణం ధర, పేరు కాదు; సజాతీయత లేకపోతే పరీక్షకే అర్థం పోతుంది.

ఇదే సజాతీయత మరో చోట ఎదురు తిరుగుతుంది. చీకట్లోకి దిగే మనిషి దగ్గర రెండో దీపం ఉండాలన్నది అందరూ ఒప్పుకునే నియమం. మీమాంసకులు భయపెట్టిన అనవస్థకు ఆచరణలో జవాబు కూడా అదే. పరీక్షించిన చార్జరును ఎవరు పరీక్షించారు, ఆ పరీక్షకుణ్ని ఎవరు, అంటూ పోవడానికి బదులు ఒక దీపం తప్పినా నిలబడేలా ఏర్పాటు చేసుకోవడం. కానీ రెండు టార్చిల్లోనూ ఒకే లాటు సెల్లులు, ఒకే చార్జరు మీద, ఒకే రాత్రి నింపినవి ఉంటే, ఒకటి ఏ కారణాన ఆరిందో అదే కారణాన రెండోదీ ఆరుతుంది. ఆ రోజు చార్జరు ప్లగ్గు వదులై ఉండటమే చాలు. నమ్మడానికి సెల్లులు ఒకేలా ఉండాలి. కాపాడుకోవడానికి వేరుగా ఉండాలి. అందుకే రెండో దీపంలో వేరే రకం సెల్లు ఉండటం మంచిది: చేతిలో లిథియం అయాన్ ఉంటే జేబులో నికెల్ మెటల్ హైడ్రైడ్‌ది గాని, చార్జింగ్ అక్కర్లేని లిథియం ఏఏ సెల్లులది గాని. చార్జింగ్ సెల్లే అన్ని చోట్లా మేలన్న పట్టుదల పొదుపు కోసమైతే సరే, ప్రాణం దగ్గర అక్కర్లేదు.

దీపం ఎంత వెలుగుతుందన్నదాని కంటే ఎలా ఆరుతుందన్నది ముఖ్యం. ఈ సంగతి కొనేవారి దృష్టికి అరుదుగా వస్తుంది. సాధారణ ఆల్కలైన్ సెల్లు మెల్లమెల్లగా మసకబారుతుంది; బయటికి రావలసిన సమయమైందని అదే చెబుతుంది. లిథియం అయాన్ సెల్లుతో నడిచే మంచి టార్చిలో వెలుగును ఒకే స్థాయిలో నిలిపే సర్క్యూట్ ఉంటుంది. చివరిదాకా అంతే కాంతి. వోల్టేజీ బాగా పడిపోగానే సెల్లులోని రక్షణ సర్క్యూట్ తెంపేస్తుంది, ఒక్కసారిగా చీకటి. నికెల్ సెల్లు కూడా చివర్లో నిటారుగా పడిపోతుంది. కనుక చార్జి తగ్గగానే ముందు వెలుగు తగ్గించి, ఎర్ర లైటుతో హెచ్చరించి, ఆపైన చాలాసేపు సన్నని వెలుగుతో సాగే టార్చిని ఎంచుకోవాలి. ఉన్నదున్నట్టు చెప్పాలన్న ఆప్తుడి లక్షణం వస్తువులో ఉండదు. దాన్ని రూపొందించినవాడిలో ఉంటే అది వస్తువులో కనబడుతుంది.

ఇక రకాల సంగతి. 1991లో సోనీ మార్కెట్లోకి తెచ్చిన లిథియం అయాన్ బరువుకు తగ్గ శక్తిలో అన్నింటినీ మించింది. దానికి బాటలు వేసిన గుడెనఫ్, విటింగమ్, యోషినోలకు 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. మెట్రో డిపోలో, పట్టాల మీద దూరం దాకా చూడవలసిన పనికి రక్షణ సర్క్యూట్ ఉన్న ఒక్క 18650 గాని, సుమారు 5,000 ఎంఏహెచ్ పట్టే 21700 గాని సరైన ఎంపిక. ఒక్కటే సెల్లు అనడానికి కారణం ఉంది. రెండు సెల్లులు వరుసగా పెట్టిన టార్చిలో ఒకటి ముందుగా ఖాళీ అయితే రెండోది దాన్ని వెనక్కి నెడుతుంది. సెల్లు వేడెక్కి వాయువు వదులుతుంది, నీరు చొరకుండా బిగించిన గొట్టంలో ఆ వాయువుకు దారి ఉండదు. రెండు తప్పనప్పుడు జతకు నంబరు వేసి, కలిపే చార్జి చేసి, కలిపే వాడి, కలిపే తీసేయాలి. ఎప్పుడో ఒకప్పుడు మాత్రమే అవసరమయ్యే అత్యవసర టార్చికి నికెల్ మెటల్ హైడ్రైడ్‌లో చార్జి నిలుపుకునే రకం, 2005లో ఎనెలూప్ పేరుతో సాన్యో తెచ్చిన కోవకు చెందినది, మేలు. పాత రకం వారాల్లోనే చాలా చార్జి పోగొట్టుకుంటుంది. ఏఏ టార్చిలో సరిగ్గా పడుతుంది కదా అని 3.7 వోల్టుల 14500 సెల్లు వేయకూడదు. కొలత ఒకటే, వోల్టేజీ రెట్టింపు కంటే ఎక్కువ.

హైదరాబాదు వాతావరణంలో సెల్లును తినేది వేసవి. లిథియం సెల్లును సాధారణంగా 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జి చేయకూడదు. మే నెలలో రేకుల షెడ్డు లోపల ఆ వేడి అసాధ్యమేమీ కాదు. నిండా చార్జి చేసి వేడిలో ఉంచిన సెల్లు అన్నింటికంటే త్వరగా ముసలిదవుతుంది. నిల్వ సెల్లులను సగం చార్జితో చల్లని గదిలో ఉంచి, వాడే రోజు నింపుకోవడం మంచిది.

మండే ఆవిర్లు ఉండే చోట ఈ ఎంపిక అంతా ఆగిపోతుంది. నాచారం వంటి చోట్ల ద్రావకాలు వాడే రియాక్టరు దగ్గర, మీథేన్ పేరుకునే మురుగు లైను దగ్గర, నిప్పురవ్వ పుట్టనివ్వదని ధ్రువీకరణ పొందిన టార్చినే వాడాలి. ఆ ధ్రువీకరణ టార్చికి మాత్రమే కాదు, అందులో వేయవలసిన సెల్లుకు కూడా. ఆల్కలైన్ సెల్లులతో పరీక్షించిన టార్చిలో మేలైన చార్జింగ్ సెల్లులు వేసినా ఆ పత్రం చెల్లదు. పరీక్షించింది ఆ జోడీని, సజాతీయత అక్కడితో తెగింది. సెల్లు మార్చడం, చార్జి చేయడం ఆ ప్రదేశానికి బయటే జరగాలి.

మంచి దీపానికి ఒక ప్రమాదం ఉంది. 1815లో హంఫ్రీ డేవీ బొగ్గు గనుల కోసం తీగవల దీపాన్ని చేశాడు. పేటెంటు కూడా తీసుకోలేదు. ఆ దీపం ఉందన్న ధైర్యంతో, వాయువు వల్ల అంతకుముందు వదిలేసిన చోట్లకు కూడా మనుషులను దింపారు. పేలుళ్ల చావులు ఆశించినట్టు తగ్గలేదు. మంచి టార్చి కొనిచ్చాం కదా అని మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దింపేవారి తర్కం కూడా ఇదే. రక్షణ ఏర్పాట్లు లేకుండా మురుగు లైన్లు, సెప్టిక్ ట్యాంకులు మనుషులతో శుభ్రం చేయించడాన్ని 2013 చట్టం నిషేధించింది. 2014 మార్చిలో సుప్రీంకోర్టు అలా చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షలు చెల్లించాలని ఆదేశించింది, 2023లో దాన్ని 30 లక్షలకు పెంచింది. టార్చి విషవాయువును చూపించదు. దిగవలసిన అవసరమే లేకుండా చేయగలిగిన చోట ఏ సెల్లు మంచిదన్న ప్రశ్న వేయడమే తప్పు.

దిగక తప్పని చోట ఎవరు ఎవరికి ఆప్తులవుతారన్నది మిగిలిన ప్రశ్న. సింగరేణి బొగ్గు గనుల్లో, గనుల చట్టాల మూలంగా, దీనికి ఒక ఏర్పాటు నిలిచింది. భూగర్భ గనిలోకి దిగే ప్రతి కార్మికుడూ ల్యాంప్ రూమ్‌లో నంబరు వేసిన క్యాప్ ల్యాంప్ తీసుకుంటాడు, పైకి వచ్చాక అక్కడే ఇస్తాడు. చార్జి చేయడం, పరీక్షించడం, చెడినవాటిని పక్కనపెట్టడం ఆ గది బాధ్యత. కార్మికుడు సెల్లు రసాయనం తెలుసుకోనక్కర్లేదు, ఆ గదిని నమ్మితే చాలు. చిన్న యూనిట్లలో ఆ గది ఉండదు. టార్చి కొనేది ఆఫీసులో ఒకరు, బిల్లు చూసేది మరొకరు, దాన్ని పట్టుకుని దిగేది కాంట్రాక్టరు పంపిన మూడో మనిషి. చవక సెల్లు కొనడంలో మిగిలిన డబ్బు ఒకరిది, దాని వల్ల వచ్చే ప్రమాదం ఇంకొకరిది. దిగే మనిషికి శబ్దాన్ని పరీక్షించే అధికారం లేదు, కొలిచే మీటరు లేదు, బల్ల మీద వాడి చూసే వ్యవధి లేదు. మూడు ప్రమాణాలూ అతని చేతిలో లేవు. అవి ఉన్నవాడు వాటిని వాడకపోతే అది పొరపాటు స్థాయి దాటి అధర్మమవుతుంది. కార్తీకంలో దీపం దానం చేస్తే పుణ్యమంటారు. పనివాడి చేతిలో పెట్టే దీపం దానం కాదు, అతనికి తీర్చవలసిన ఋణం. ఒక అలమరా, నంబర్లు వేసిన సెల్లులు, కొన్న తేదీ, ప్రతి పరీక్షలో వచ్చిన అంకె రాసే పుస్తకం, అది చూసే ఒక బాధ్యుడు ఉంటే, ఎంత చిన్న యూనిట్‌లోనైనా ల్యాంప్ రూమ్ ఉన్నట్టే. దిగబోయే మనిషి అడిగితే ఆ పుస్తకం చూపించాలి.

మొదటి సామర్థ్యంలో 80 శాతం కంటే తగ్గిన సెల్లును, కిందపడి సొట్టపోయినదాన్ని, రేపరు చిరిగినదాన్ని, చార్జిలో అతిగా వేడెక్కినదాన్ని ప్రాణాపాయం ఉన్న పని నుంచి తప్పించాలి. తప్పించిన సెల్లును చెత్తలో వేయడం, తూకానికి అమ్మడం కూడదు. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం అది సేకరించే, బాగుచేసే లేదా రీసైకిల్ చేసే సంస్థకే చేరాలి. కొనల మీద టేపు అంటించి, సెల్లు మీద చెడిందని చెరగని సిరాతో రాసి ఇవ్వాలి. కొత్త రేపరు చుట్టుకుని తిరిగి బజారుకు వచ్చే సెల్లులు ఇలా వదిలేసినవాటిలోంచే వస్తాయి. ఎవరో తెలియని ఒక మనిషి టార్చిలో అవి మళ్లీ 9,900 అన్న అంకెతో చేరకుండా చూడటం కూడా సెల్లును ఎంచుకున్నవారి పనిలో భాగమే.